బావగారి ఇరవై నాలుగు, బావమరిది ఇరవై

ఒకాయా,
జూలై మొదట్లో

చిరంజీవి సదహరుకి, బావ తొకుజో దీవించి రాయునది.

ఇక్కడ సరస్సు మీదనుంచి వచ్చే గాలి కూడా వేడిగానే ఉంది. మీ ఒనోమిచిలో సముద్రం ఒడ్డున ఆ మెట్లెక్కీ దిగీ నువ్వెంత చెమటోడుస్తున్నావో ఊహించుకుంటున్నాను. మేమిద్దరం కులాసా.

కిందటిసారి మనం ఫోనులో లెన్సుల గురించి అరుచుకున్నాక, మీ అక్క ఫుమియె, మీ ఆవిడ మిత్సుయొ కలిసి చేసిన తీర్మానం నీకు గుర్తుండే ఉంటుంది. ఇకమీదట ఫోనులో లెన్సుల మాట ఎత్తకూడదు, అంతగా ఆగలేకపోతే ఉత్తరాలు రాసుకోవాలి. కాగితం మీద ఎంత అరిచినా పక్కింటికి వినపడదని వాళ్ళ ఉద్దేశం. సరే, కాగితం మీదే అరుచుకుందాం.

పాతికేళ్ళుగా నా మాట ఒకటే. ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో ఇరుకు గదిలో, చీకటి గదిలో ఫోటో తియ్యాలంటే ఇరవై నాలుగు ఎమ్.ఎమ్. లెన్సును మించింది లేదు. జూమ్ గీమ్ ఏమీ ఉండదు, ఒక్క చూపే. దాని కన్ను 1.4 దాకా, అంటే నీ లెన్సుకన్నా పెద్దగా తెరుచుకుంటుంది. దీపం లేని గదిలో కూడా వెలుతురు ఎక్కడుందో వెతికి పట్టుకొస్తుంది. నీ మాటా ఒకటే. ఇరవై ఎమ్.ఎమ్. అయితే ఇంకా వెడల్పుగా చూస్తుంది, వెలుతురుకి 1.8 చాలు, పైగా తేలిక అంటావు. ఇన్నేళ్ళలో నువ్వు తగ్గలేదు, నేనూ తగ్గలేదు. ఒకరి లెన్సు ఒకరం ముట్టుకున్న పాపాన పోలేదు.

అందుకని నా ఇరవై నాలుగును నీకు పంపుతున్నాను. రెండిటినీ ఒకే కెమెరాకి బిగించి, ఒకే గోడని తీసి, ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడు. మూలల్లో ఎవరిది చెదురుతోందో, దీపాలకి ఎవరిది రెక్కలు మొలిపిస్తోందో తేలిపోతుంది. తొందరేమీ లేదు. నీ సొంతంలా వాడుకో.

ఉన్నమాట చెప్పాలంటే ఈ మధ్య ఆ బరువు మొయ్యడం నాకే కష్టంగా ఉంది. కుడిభుజం లాగేస్తోంది. కారు అమ్మేసి లైసెన్సు కూడా వాపసు ఇచ్చేశాను కదా, ఎక్కడికైనా నడకే. తేలిక లెన్సులో కూడా ఏదో సుఖం ఉందేమోనని మొదటిసారి అనిపించింది. ఈ ముక్క మాత్రం మిత్సుయొకి చదివి వినిపించకు.

ఆశీస్సులతో,
తొకుజో

తా.క. నా ఫోటో ఒకటి పార్సిల్లో పెట్టాను. నేనేమీ చెప్పను. చూస్తే నీకే తెలుస్తుంది.

తా.క. రెండు: ప్యాకింగు మీ అక్కే చేసింది. నేను చేస్తే నువ్వు విప్పేసరికి శీతాకాలం వస్తుందట.


ఒనోమిచి,
జూలై నెలాఖరు

పూజ్యులు బావగారికి, సదహరు నమస్కరించి రాయునది.

కీచురాళ్ళు చెట్టుచెట్టునా గోల పెడుతున్నాయి. పార్సిలు క్షేమంగా అందింది.

విప్పాను. పైన తెల్లకాగితం, దాని మీద ఎరుపూ తెలుపూ దారాల ముడి, అక్కయ్య చేతిరాతతో 'వేసవి కానుక' అన్న మాట. వేసవి కానుక అంటే ఎవరైనా సబ్బులో నూడుల్సో పంపుతారు. మీరు ప్రాణంలా చూసుకున్న లెన్సును పంపారు. 'నీ సొంతంలా వాడుకో' అన్న మాట దగ్గర నాకు ఉత్తరం ముందుకు సాగలేదు. బరువు మొయ్యలేకపోతున్నాను అన్నారు. కారు అమ్మేశాను అన్నారు. తరవాత ఫోటో చూశాను. నల్లసూటు, నల్ల టై, నవ్వు లేదు. ముఖం ఒక పక్కంతా ఉబ్బి ఉంది. 'నేనేమీ చెప్పను, చూస్తే నీకే తెలుస్తుంది' అన్నారు. తెలిసింది బావగారూ. మీరు చెప్పలేదు కాబట్టి నేనూ అడగను.

ఈ మధ్య మా వాడ కమ్యూనిటీ హాలులో పెద్దవాళ్ళ కోసం ఒక ఉపన్యాసం పెట్టారు. ఓపిక ఉండగానే సామాను సర్దుకోవాలనీ, ఇష్టమైన వస్తువుల్ని ఇష్టమైనవాళ్ళకి మన చేత్తోనే ఇచ్చెయ్యాలనీ, కారులాంటివి వదిలించుకోవాలనీ, పోయాక గోడకి తగిలించే ఫోటో కూడా మంచి బట్టల్లో ముందే తీయించుకోవాలనీ చెప్పారు. మా పక్కింటి కువబారాగారు కిందటేడు అచ్చం అలాగే తన గాలాలన్నీ పంచిపెట్టారు. ఆ తరవాత చెర్రీలు పూసేదాకా కూడా ఉండలేదు. ఎందుకో గుర్తొచ్చి రాశాను, అంతే.

ఇక లెన్సు సంగతి. మీ మాటే నిజం. ఇరవై నాలుగే గొప్పది. మూలలైనా అంతే, వెలుతురైనా అంతే. దాని ముందు నా ఇరవై బలాదూర్. ఇన్నేళ్ళు మీతో మొండిగా వాదించినందుకు క్షమించండి.

విడిగా తాబేలు సూపు పొట్లాలు పంపుతున్నాను. ఒంటికి బలం. రోజూ తాగండి. నొప్పి భుజంలోనేనా?

మీ
సదహరు

తా.క. ఎర్రచిక్కుడు గింజలు ఉడికించిన నీళ్ళు తాగితే వాపు తీస్తుందని మిత్సుయొ అంటోంది. ఎవరికి వాపు అని మాత్రం అడగకండి.


ఒకాయా,
ఆగస్టు

సదహరుకి, బావ దీవించి రాయునది.

ఎండలు తగ్గలేదు. నీ తాబేలు సూపు అందింది. తాగాను. ముక్కులోంచి రక్తం కారింది. మిగిలిన పొట్లాలు మీ అక్క ఎక్కడో దాచేసింది.

నీ ఉత్తరం తిరగేసి మరగేసి చదివాను. అందులో నా బావమరిది కనపడలేదు. నా పెళ్ళిలో కెమెరా పట్టుకుని తిరుగుతూ, 'బావగారూ, మీ వెడల్పుకి నా లెన్సు చాలడం లేదు' అని పెళ్ళికూతురి చుట్టాలందరి ముందూ అన్నవాడివి. అలాంటివాడివి నా మాటే నిజం అంటావా? పోనీ పరీక్ష చేసి ఓడిపోయి అన్నావా అంటే, ఆ ఊసే లేదు. ఏ గోడ తీశావు? ఎంత తెరిచి తీశావు? 'మూలలైనా అంతే, వెలుతురైనా అంతే' అని చేతులు దులుపుకున్నావు. అతివినయం ధూర్తలక్షణం అంటారు. నువ్వు ఫుమియె తమ్ముడివి కాబట్టి నిన్ను ధూర్తుడనను. కానీ ఆ సామెత పుట్టించినవాడు ఊరికే పుట్టించలేదు కదా.

మీ ఊరి మెట్లు నిటారుగా ఉంటాయి. చేతిలోంచి ఏదైనా జారితే అది సముద్రం దాకా ఆగదని నువ్వే ఒకసారి అన్నావు. ఎందుకో గుర్తొచ్చి రాశాను, అంతే. సముద్రం గాలికి గాజులో బూజు పడుతుందని కూడా విన్నాను.

ఎవరి వస్తువు వారి చోటికి చేరితేనే మనసుకి శాంతి అని మా నాన్న అంటూ ఉండేవాడు. వయసు పైబడుతున్నకొద్దీ ఆ మాట విలువ తెలుస్తోంది. అర్థం చేసుకునేవాడివి, నీకు ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆశీస్సులతో,
తొకుజో

తా.క. లెన్సు ముందు గాజు ఎలా ఉంది? ఊరికే అడిగాను.

తా.క. రెండు: ఎవరికి వాపు?


ఒనోమిచి,
ఆగస్టు చివర

పూజ్యులు బావగారికి, సదహరు నమస్కారాలు.

పితృదేవతలు ఇంటికొచ్చి వెళ్ళే పండగ అయిపోయింది. వీధుల్లో లాంతర్లు దించేస్తున్నారు. అమ్మ ఫోటో ముందు దీపం పెట్టి మీ విషయం చెప్పుకున్నాను. మీకు ఇంకా తొందరేమీ లేదనీ, అక్కడ ఎదురుచూస్తూ కూర్చోవద్దనీ ఆవిడకి గట్టిగా చెప్పాను.

ఎవరి వస్తువు వారి చోటికి చేరితేనే శాంతి అని మీరు రాసింది చదివాను. మీ బాధ అర్థమైంది. లెన్సు ఒక్కటే నా దగ్గరికి చేరింది, తక్కినవి అక్కడే ఉండిపోయాయి. మీ మూడుకాళ్ళ స్టాండు, తోలుసంచి, ఫిల్టర్లు అన్నీ పంపెయ్యండి. మొహమాటపడకండి. నా బొందిలో ప్రాణం ఉన్నంతవరకు వాటి మీద దుమ్ము పడనివ్వను.

లెన్సుకి ఏమైనా అవుతుందేమోనని మీరు దిగులుపడొద్దు. నిజం చెప్పేస్తున్నాను, దాన్ని ఇంతవరకు కెమెరాకి బిగించలేదు. చేతులు రాలేదు. ముందుగదిలో బొమ్మ తగిలించే గూట్లో పట్టుగుడ్డ మీద పెట్టాను. దాని ముందు రోజూ ఒక పువ్వు. మా ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని చూసి, సంగతి విని, చేతులు జోడించి వెళుతున్నారు. మా పిల్లి కూడా అటు పోవడం మానేసింది.

మీ
సదహరు

తా.క. మీకు ఏ పువ్వులంటే ఇష్టం? ఊరికే అడిగాను.


ఒకాయా,
సెప్టెంబరు

సదహరుకి, తొకుజో రాయునది.

రెల్లు పూసింది. సాయంత్రాలు చల్లబడ్డాయి. నేను మాత్రం చల్లబడలేదు.

లెన్సు ముందు పువ్వు పెట్టడం ఏమిటి? మనవాళ్ళు విరిగిన సూదులకీ, తల ఊడిన బొమ్మలకీ గుళ్ళో కర్మ చేయిస్తారు. బాగున్న వస్తువుకి ఎవరూ పువ్వు పెట్టరు. వచ్చినవాళ్ళంతా సంగతి విని చేతులు జోడిస్తున్నారని రాశావు. ఏ సంగతి విని? పడిన సంగతా? నాకు తెలియాల్సింది నీ ఇంటికొచ్చినవాళ్ళందరికీ తెలిసింది. ఇక స్టాండు మాట. చెయ్యి అందిస్తే మోచేయి దాకా పట్టుకోవడం అని విన్నాను గాని, ఇప్పుడు చూస్తున్నాను. స్టాండు పంపను. సంచీ పంపను.

ఇది పక్కన పెట్టి అసలు విషయం రాస్తాను. మా ఊళ్ళో పాత పట్టుదారం మిల్లును పడగొట్టేస్తున్నారు. మీ అమ్మ పెళ్ళికి ముందు పనిచేసిన దారం గది ఉంది చూడు, అది కూడా పోతోంది. మంచు పడేలోపు మొత్తం నేలమట్టం చేస్తారట. అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళని లోపలికి రానిస్తున్నారు. గది ఇరుకు. దీపాలు తీసేశారు. నేల పుచ్చిపోయిందని స్టాండు పెట్టనివ్వడం లేదు. ఉన్న కాస్త వెలుతురులో, చేత్తో పట్టుకునే తియ్యాలి. అలాంటి గదికి ఏం కావాలో నీకు నేను చెప్పాలా?

మీ అమ్మ నిలబడిన చోటు కనపడేలా ఒక్క ఫోటో తీసి మీ అక్కకి ఇవ్వాలని నా కోరిక. చివరిసారి ఆ గదిలోకి వెళ్ళాలి. నాకు ఎక్కువ సమయం లేదు సదహరూ. ఇకనైనా మనసు పెట్టు.

తొకుజో

తా.క. పువ్వులు నాకెందుకు? చామంతులంటే మాత్రం తుమ్ములొస్తాయి.


ఒనోమిచి,
అక్టోబరు

నా బావగారికి,

రుతువులూ గాలులూ నాకిప్పుడు గుర్తు లేవు. క్షమించండి.

'నాకు ఎక్కువ సమయం లేదు' అని మీ చేత్తో మీరే రాశారు. ఇన్నాళ్ళూ మీరు చెప్పలేదు కాబట్టి నేను ఊహించుకున్నది అబద్ధం కావచ్చునని ఒక మూల ఆశ ఉండేది. ఇప్పుడు అది కూడా పోయింది. మనవాళ్ళు కర్మకి పెట్టే చామంతులు వద్దన్నారు. పెట్టనివ్వను. ఎవరు తెచ్చినా గుమ్మం దాటనివ్వను.

మిల్లుకి వెళ్ళొద్దు. ఆ గదిలో దుమ్ము మీకు పడదు. అమ్మ గది పోతే పోనివ్వండి. అమ్మ ఏమీ అనుకోదు. మీరు ఉండాలి.

నోటితో ఎప్పుడూ చెప్పలేదు గనక ఇప్పుడు రాసేస్తాను. నాన్న పోయాక ఇంట్లో నన్ను పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. అక్కయ్యని చూడటానికి వచ్చే సాకుతో మీరు వచ్చి, మీ పాత కెమెరా నా మెళ్ళో వేసి, 'పాడుచేసినా పరవాలేదు, తీసి చూపించు' అన్నారు. అప్పటినుంచి నేను తీసిన ప్రతి ఫోటో మీకు చూపించి, మీచేత తప్పు పట్టించుకుని, మీతో పోట్లాడటానికే తీశాను. ఇరవై గొప్పదా ఇరవై నాలుగు గొప్పదా అన్నది నాకు ఏనాడూ ముఖ్యం కాదు. మీరు ఇరవై అని ఉంటే నేను ఇరవై నాలుగు అనేవాణ్ణి. పోట్లాడటానికి ప్రపంచంలో నాకు మీరొక్కరే ఉన్నారు. మీరు వెళ్ళిపోతే నేను ఎవరితో తప్పు ఒప్పుకోకుండా ఉండాలి?

మా ఫోటో క్లబ్బువాళ్ళంతా కూర్చుని, మీకు నయం కావాలని మొక్కుతూ వెయ్యి కాగితం కొంగలు మడిచారు. దండలు కట్టి పెద్ద పెట్టెలో పంపుతున్నాను. మంచం పక్కన వేలాడదీసుకోండి.

మీ
సదహరు

తా.క. అక్కయ్యకి చెప్పారా? చెప్పకపోతే ఈ ఉత్తరం ఆవిడ కంట పడకుండా దాచండి.


ఒకాయా,
అక్టోబరు

సదహరూ,

దీవెనలు ఈసారికి లేవు.

ఉత్తరం నా కంట పడకముందే మీ అక్క కంట పడింది. నేను సరస్సు దగ్గర షికారుకి వెళ్ళి వచ్చేసరికి గుమ్మంలో వెయ్యి కొంగలు, వాటి మధ్యన కూర్చుని మీ అక్క. చేతిలో నీ ఉత్తరం. 'ఎప్పటినుంచి?' అని ఒక్క మాట అడిగింది. ఏది ఎప్పటినుంచి అన్నాను. ఆవిడ లేచి టాక్సీ పిలిచింది.

ఆస్పత్రిలో నన్ను తల నుంచి కాలి గోటి దాకా పరీక్ష చేయించింది. నాకేమీ లేదని డాక్టరుకి చెప్పాను. మగవాళ్ళంతా అలాగే అంటారని మీ అక్క అంది. డాక్టరు కూడా తల ఊపాడు. గొట్టాలు వేశారు, ఫోటోలు తీశారు. అవన్నీ చూసి చివరికి ఆయన, ఈ వయసులో ఇలాంటి గుండె తాను చూడలేదనీ, భుజానికి బరువులు తగిలించుకోవడం ఒక్కటి మానేస్తే చాలనీ చెప్పాడు. మీ అక్క ఆస్పత్రి వరండాలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏమీ లేదన్నాక ఏడవడం ఎందుకని అడిగితే, ఉందన్నప్పుడు ఏడవడానికి తీరిక దొరకలేదంది.

ఇప్పుడు ఒక్కొక్కటే విను. ఆ ఫోటో నేను లెన్సు పరీక్ష కోసం తీసుకున్నది. కావాలనే ఫ్రేము మూలలో నిలబడ్డాను. వెడల్పు లెన్సు మూలలో మనిషి ముఖం పక్కకి సాగుతుందని పాతికేళ్ళుగా నా ప్రాణం తీసినవాడివి నువ్వు. అదే మూలలో నన్ను చూసి వాపనుకున్నావు. నల్లసూటు ఎందుకంటే ఆ రోజు మా వాడ సంఘం అధ్యక్షుడి తల్లి కర్మకి వెళ్ళి వచ్చాను. సమయం లేనిది మిల్లుకి, నాకు కాదు.

మొదట్లోనే సూటిగా అడగనందుకు నాకు బుద్ధి లేదు. ఇచ్చిన వస్తువు తిరిగి అడిగితే, పెళ్ళాం తమ్ముడి దగ్గర పిసినారినని పేరొస్తుందనుకున్నాను. నువ్వు దాన్ని మెట్ల మీంచి జారవిడిచి, సిగ్గుతో సూపులు పంపుతున్నావనుకున్నాను. ఇప్పుడు మా వీధివాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. చేపలమ్మే ఆవిడ డబ్బులు తీసుకోనంది. ఇంక కాపాడుకోవడానికి నాకు పరువేమీ మిగల్లేదు. అందుకని అడుగుతున్నాను.

నా లెన్సు నాకు పంపు. అది కానుక కాదు, అరువు. పగలగొట్టి ఉంటే ముక్కలైనా పంపు.

తొకుజో

తా.క. సూపు పంపకు. ఇది ఊరికే చెప్పడం లేదు.


ఒనోమిచి,
అక్టోబరు చివర

పూజ్యులు, ఆయురారోగ్యవంతులు, దుక్కలాంటి బావగారికి సదహరు వెయ్యి నమస్కారాలు.

ఆకాశం ఎంత నీలంగా ఉందో ఈ పూటే చూశాను. కొండ మీద మేపుల్ ఆకులు ఎర్రబడ్డాయట, మా ఆవిడ చెప్పేదాకా తెలియదు.

మీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. 'దీవెనలు లేవు' అన్న చోట మిత్సుయొ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. 'ముక్కలైనా పంపు' అన్న చోట చేతిగుడ్డతో కళ్ళు తుడుచుకుని, 'ఆయన బాగానే ఉన్నారండీ. పోయేవాళ్ళు ఇలా తిట్టరు' అంది. నేను చాప మీద వెల్లకిలా పడుకుండిపోయాను. ఇంత మొరటు ఉత్తరం నా జన్మలో అందుకోలేదు. ఇంత తియ్యటి ఉత్తరం కూడా అందుకోలేదు. మూలలో సాగిన ముఖాన్ని గుర్తుపట్టలేకపోయినందుకు క్లబ్బులో నా పదవికి రాజీనామా ఇవ్వబోయాను. వాళ్ళు నవ్వి నవ్వి తీసుకోవడం మరిచిపోయారు.

ఇక పరీక్ష. లేచి ముఖం కడుక్కుని రెండు లెన్సులూ పట్టుకుని గుడి వెనక ఇటుకగోడ దగ్గరికి వెళ్ళాను. మీకు తెలియాల్సినవి తెలియాలి. మీ ఇరవై నాలుగును పూర్తిగా తెరిస్తే మూలల్లో ఇటుకలు గంజిలో నానినట్టున్నాయి. 2.8 దాకా మూస్తేగాని అది మనిషి కాదు. దూరంగా పడవ దీపాన్ని తీస్తే దానికి సీతాకోకచిలుక రెక్కలొచ్చాయి. నా ఇరవై మొదటినుంచీ గీత గీసినట్టు ఉంది. బరువులో మీది పచ్చడిబండ. గుడిలోపలి చీకట్లో మాత్రం మీది నాదానికన్నా అరమెట్టు పైమాటే, అది కాదంటే కళ్ళు పోతాయి. మొత్తం మీద నాదే గొప్ప. పాతికేళ్ళ కిందటే ఈ మాట చెప్పాను, మీరు వినలేదు. ఆగస్టులోపు రాసిన పొగడ్తలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

లెన్సు ఈ రోజే పంపుతున్నాను. గీత లేదు, బూజు లేదు. ముందు మిల్లుకి వెళ్ళి అమ్మ గది తియ్యండి. తరవాత తిట్టండి.

మీ
సదహరు

తా.క. ఒక చిన్న విషయం. మీరు పోతారని గట్టిగా నమ్మిన రోజుల్లో, తరతరాల వస్తువులు దాచుకునే తెల్లచెక్క పెట్టె ఒకటి దానికి కొలతలిచ్చి చేయించాను. లెన్సు అందులోనే వస్తోంది. మూత మీద మా గుడి పెద్దస్వామిచేత 'కీర్తిశేషులు హిరబయాషి తొకుజోగారి జ్ఞాపకం' అని రాయించాను. సిరా చెక్కలోకి దిగిపోయింది, పోవడం లేదు. చిత్రిక పట్టించనా అని స్వామివారిని అడిగితే, ఎందుకు నాయనా, ఎప్పటికైనా పనికొచ్చేదే కదా అన్నారు.


ఒకాయా,
నవంబరు

చిరంజీవి సదహరుకి, కీర్తిశేషుడైన బావ దీవించి రాయునది.

పొద్దున్నే నీళ్ళతొట్టి మీద సన్నటి మంచు పొర కడుతోంది. లెన్సు అందింది. పెట్టె విప్పేటప్పుడు మా సంఘం వాళ్ళు నలుగురు ఇంట్లోనే ఉన్నారు. మూత చదివి ముగ్గురు చేతులు జోడించారు. అధ్యక్షుడు మాత్రం, చేతిరాత అద్భుతంగా ఉందన్నాడు.

మర్నాడే మీ అక్కతో మిల్లుకి వెళ్ళాను. దారం గది నేను రాసినంత ఇరుకే. పై కిటికీలోంచి కాస్త వెలుతురు, అంతే. లెన్సు పూర్తిగా తెరిచి, నా అలవాటు ప్రకారం ఎదురుగా ఉన్న ఇటుకగోడకి గురిపెట్టాను. మీ అక్క వచ్చి ఆ గోడకి అడ్డంగా నిలబడింది. కాస్త పక్కకి తప్పుకోమన్నాను.

'పెళ్ళయినప్పటినుంచీ తప్పుకుంటూనే ఉన్నాను' అంది.

నేను కెమెరా దించాను. ఆవిడ మెల్లిగా అసలు సంగతి చెప్పింది. ఆ వేసవి కానుక కాగితం పొరపాటున చుట్టింది కాదట. ముడి కూడా కానుకలకి వేసేదే కావాలని వేసిందట. ఇంట్లో అల్మరా నిండా ఇటుకగోడలు, ఇంటిచూరులు, టెలిఫోను తీగలు ఉన్నాయి, తన ఫోటో ఒక్కటి లేదు. ఆ లెన్సు తమ్ముడి సొంతమైపోతే, అప్పుడైనా ఈయన గోడల్ని వదిలి మనుషుల వంక చూస్తాడని ఆశపడిందట. 'వాడు మర్యాదగా ఉంచేసుకుంటాడనుకున్నాను. మీకు కర్మ చేస్తాడనుకోలేదు' అంది. అంటే నిన్ను ఏడిపించింది, నన్ను ఆస్పత్రిలో గొట్టాల్లో దూర్చింది, చేపలావిడ చేత ఉచితంగా చేపలిప్పించింది అంతా మీ అక్క దారం ముడే. ఆవిడతో మనమిద్దరం ఏ కాగితం మీదా అరవలేం.

అప్పుడు తీశాను. పట్టుగూళ్ళు ఉడికించే ఇత్తడి తొట్ల వరసలో మీ అమ్మ తొట్టి కిటికీ పక్కనుంచి మూడోదని మీ అక్కకి తెలుసు. దాని అంచు మీద చెయ్యి వేసి నిలబడింది. జీవితంలో మొదటిసారి నేను మూలలు చూడలేదు, నడుమ చూశాను. ఫోటో దీంతో పంపుతున్నాను. మూలలు గంజిలాగే ఉన్నాయి, నువ్వన్నది నిజం. మీ అక్క ముఖం మాత్రం ఆ చీకట్లో ఎలా వచ్చిందో నువ్వే చూడు. మీ అమ్మ తిరిగొచ్చి నిలబడినట్టుంది. ఇంటికొచ్చి దాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాను. ఇంతమంచి మనిషిని ఇన్నాళ్ళు పక్కకి తప్పుకోమన్నానా అని నామీద నాకే కోపం వచ్చింది.

నువ్వు కొంగల పెట్టెతో రాసిన ఉత్తరం మళ్ళీ చదివాను. కోపం మీద చదివినప్పుడు అందులో ఏమీ కనపడలేదు. దానికి జవాబు రాయడం నాకు చేతకాదు. నాకూ పోట్లాడటానికి నువ్వొక్కడివే అని మాత్రం తెలుసుకో.

పెట్టెను నీకే తిప్పి పంపుతున్నాను. మూత గీకించకు, చిత్రిక పట్టించకు. లెన్సు నా దగ్గరుంటుంది, పెట్టె నీ దగ్గరుంటుంది. ఆ రెండూ ఒకచోట చేరిన రోజున అది నీది, అప్పుడు నీ సొంతంలా వాడుకో. అప్పటిదాకా ఖాళీ పెట్టెను చూసుకుంటూ ఓపికగా ఉండు. డాక్టరు చెప్పిన గుండెని బట్టి చూస్తే నీకు చాలా ఓపిక కావాలి.

ఆశీస్సులతో,
నీ బావ తొకుజో

తా.క. నీ ఇరవై ఎంత పొడుగో, ఎంత లావో కొలిచి రాయి. మా గుడి స్వామివారి చేతిరాత కూడా బాగుంటుంది. ఊరికే అడగడం లేదు.